కాంటా ఎక్కేదాకా తెలియని ధర

వరి కోతకొచ్చిన రోజుల్లో గరిడేపల్లి మండలంలో ఏ ఊరికైనా పోయి, "ఇయ్యాల వడ్ల ధర ఎంత నడుస్తున్నది?" అని అడిగి చూడండి. మార్కెట్ కమిటీ పేరు ఎవరూ ఎత్తరు. వ్యవసాయ అధికారి పేరూ రాదు. "నిన్న మిల్లుకు పోయొచ్చిన ట్రాక్టర్ డ్రైవర్‌ను అడగాలె" అంటారు. లేకపోతే కోత మిషన్ ఆయనను అడగమంటారు. నలభై ఊర్లు తిరిగేవాడు గనుక ఆయనకు నాలుగు మాటలు ఎక్కువ తెలుస్తాయని నమ్మకం. ఇంటింటికీ రెండు సెల్‌ఫోన్లు ఉన్న కాలంలో, ఆరుగాలం కష్టపడి పండించిన పంట ధర కోసం రైతుకు దిక్కు డ్రైవర్ నోటి మాటే.

డ్రైవర్‌ను తప్పు పట్టడం లేదు. ఆయన చెప్పింది చాలాసార్లు నిజమే. కాకపోతే అది నిన్నటి నిజం. అది కూడా ఒక మిల్లు దగ్గర, ఒక రకం వడ్లకు, ఒక తేమకు కట్టిన ధర. రైతు దాన్ని పట్టుకొని మిషన్‌ను పొలంలో దింపుతాడు. మధ్యాహ్నానికి ట్రాలీ నిండుతుంది. సాయంత్రం మిల్లు గేటు ముందు వరుసలో నిలబడ్డాక అసలు ధర తెలుస్తుంది. అప్పుడు నచ్చకపోతే ఏం చేస్తాడు? పచ్చి వడ్లు ట్రాలీలో రెండు రాత్రులుంటే వేడెక్కుతాయి, రంగు మారుతాయి. ట్రాక్టర్ కిరాయి గంటగంటకూ పెరుగుతుంది. వెనక్కి తిప్పుకొని ఇంకో ఊరికి పోవాలంటే మళ్లీ డీజిలు ఖర్చు. నోరు మూసుకొని కాంటా ఎక్కించి రావడమే మిగులుతుంది.

గరిడేపల్లి ఉన్న జాగ చూస్తే ఇది మరీ విచిత్రంగా కనబడుతుంది. అమ్ముకునే తావు లేని మారుమూల పల్లె కాదు. ఒక దిక్కు సూర్యాపేట వ్యవసాయ మార్కెట్. ఒక దిక్కు రైస్ మిల్లుల పట్నం మిర్యాలగూడ. ఇంకో దిక్కు జాతీయ రహదారి మీద, రాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా కోదాడ. వీటికి తోడు సీజన్ వస్తే మహిళా సంఘాలు, సహకార సంఘాలు నడిపే ప్రభుత్వ కొనుగోలు కేంద్రాలు. ఇన్ని తొవ్వలున్న రైతుకు బేరం చేసే బలం ఉండాలి. కానీ ఏ తొవ్వలో ఎంత గిట్టుతుందో పొలం గట్టు మీద ఉండగానే తెలియకపోతే, తొవ్వలు ఎన్నున్నా ఒకటే.

"ధరలన్నీ ఇంటర్నెట్‌లో పెడుతూనే ఉన్నాం కదా" అని అధికారులు అంటారు. నిజమే, పెడుతున్నారు. 2000 సంవత్సరంలోనే కేంద్రం ఆగ్‌మార్క్‌నెట్ మొదలుపెట్టి దేశంలోని మార్కెట్ యార్డుల ధరలను కంప్యూటర్లకెక్కించింది. 2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటర్ పెట్టి 1551 నంబర్ ఇచ్చారు. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ వచ్చింది. దేశం మొత్తం మీద తొలి విడతలో ఎంచుకున్న 21 మార్కెట్లలో మన జిల్లాలోని తిరుమలగిరి కూడా ఉంది. అప్పటికి అది నల్లగొండ జిల్లా. సూర్యాపేట జిల్లా ఏర్పడింది ఆ ఏడాది అక్టోబర్‌లో. పావు శతాబ్దంగా సమాచారం మీద పెట్టిన ఖర్చు తక్కువేమీ కాదు. మరి ఆ సమాచారం గరిడేపల్లి కల్లంలోకి ఎందుకు దిగలేదు?

మొదటి కారణం, ఆ పట్టికలో ఉండే ధర రైతు చేతికొచ్చే ధర కాదు. అక్కడ కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు అంకెలుంటాయి. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు పోయిందో అది. తేమ ఎంతో ఉండదు. తరుగు ఎంత తీశారో ఉండదు. తాలు పేరుతో, బస్తా పేరుతో, హమాలీ పేరుతో ఎంత కోశారో ఉండదు. రైతు లెక్క గట్టేది కోతలన్నీ పోగా తక్‌పట్టీ కింద రాసిన చివరి అంకె. మార్కెట్ పట్టికలో లేనిది సరిగ్గా ఆ అంకే.

తేమ సంగతి కొంచెం విడమర్చి చెప్పాలి. ఉద్యోగాల్లో ఉండి పొలానికి దూరమైన మన పాఠకుల్లో చాలామందికి ఇది తెలియకపోవచ్చు. మా సంపాదకవర్గంలోనూ కాగితం, పెన్ను తీసుకొని లెక్క వేసేదాకా ఒకరిద్దరు నమ్మలేదు.

2025-26కు ఏ గ్రేడ్ వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాల్‌కు 2,389 రూపాయలు. అది 17 శాతం లోపు తేమ ఉన్న సరుకుకు. మిషన్ కోసిన వడ్లు అంత ఆరి రావు. 25 శాతం తేమ ఉన్నాయనుకుందాం. క్వింటాల్ పచ్చి వడ్లను 17 శాతం దాకా ఆరబెడితే మిగిలేది 90 కిలోల మీద కొద్దిగా. అంటే 25 శాతం తేమ ఉన్న పచ్చి వడ్లకు మిల్లు దగ్గర దాదాపు 2,160 రూపాయలు వస్తే అది మద్దతు ధరతో సమానం. తేమ 20 శాతమే ఉంటే ఆ సమాన ధర 2,300 దాటుతుంది. ఐదు పాయింట్ల తేమకు క్వింటాల్ మీద 140 రూపాయల పైచిలుకు తేడా.

దీన్నిబట్టి రెండు సంగతులు బయటపడతాయి. "పచ్చి వడ్లకు 2,200 ఇచ్చి ముంచిండు" అని మనం మిల్లరును తిట్టే ప్రతిసారీ న్యాయం మన వైపే ఉండకపోవచ్చు. చేదుగా ఉన్నా ఒప్పుకోవాలి. 25 తేమ మీద 2,200 వస్తే అది మద్దతు ధర కంటే నలభై రూపాయలు ఎక్కువే. ఆరబెట్టే కూలీ, పట్టాల కిరాయి, వాన భయం కూడా తప్పినట్టు. కానీ అదే 2,200 తేమ 20 ఉన్న వడ్లకు ఇస్తే క్వింటాల్‌కు వంద రూపాయలు పోయినట్టు. రైతుకు ఈ రెండింటి మధ్య తేడా ఎట్లా తెలియాలి? తేమ కొలిచే మిషన్ ఎవరి చేతిలో ఉంది? దాని మీద పడ్డ అంకె రైతుకు చూపిస్తున్నారా, చీటీ మీద రాస్తున్నారా? తేమ చెప్పకుండా ధర చెబితే అది సగం మాట, సగం మాటతో బేరం కుదరదు.

సన్నాల విషయంలో ఈ లెక్క ఇంకా పెద్దది. 2024 వానకాలం నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో అమ్మిన సన్న వడ్లకు రాష్ట్ర ప్రభుత్వం క్వింటాల్‌కు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. ఆ ఏడాది ఏ గ్రేడ్ మద్దతు ధర 2,320. బోనస్ కలిపితే 2,820. పైన వేసిన లెక్క ప్రకారమే 25 శాతం తేమ ఉన్న పచ్చి సన్నాలకు మిల్లు దగ్గర 2,550 వస్తే గానీ సమానం కాదు. అంతకు తక్కువ వస్తుంటే ఆరబెట్టి కేంద్రానికి తీసుకుపోవడం లాభమా, బోనస్ ఎప్పుడు పడుతుందోనని ఎదురుచూడలేక మిల్లుకే పోయడం నయమా అన్నది రైతు తన ఇంటి పరిస్థితిని బట్టి తేల్చుకుంటాడు. ఎరువుల దుకాణంలో బాకీ ఉన్నవాడు ఒకటి ఎంచుకుంటాడు, లేనివాడు ఇంకొకటి. ఎవరికి ఏది మంచిదో మేము చెప్పబోవడం లేదు. కళ్లకు గంతలు కట్టి తేల్చుకోమంటే మాత్రం ఎట్లా?

రెండో కారణం ఇంతకంటే పెద్దది. ఈ ప్రాంతం సన్నాల్లో ఎక్కువ భాగం యార్డు గేటు దాటనే దాటవు. పొలం నుంచి మిల్లుకు నేరుగా పోతాయి. పచ్చి వడ్లు కొనే అలవాటున్న మిల్లులు దగ్గర్లో ఉండటం ఒక రకంగా ఈ ప్రాంత రైతుకు సౌకర్యమే. కల్లాలు లేని రైతు, ఆరబెట్టే జాగ లేక రోడ్డు మీద వడ్లు పోసే రైతు ఇందుకోసమే మిర్యాలగూడ తొవ్వ పడతాడు. కానీ ఆ సరుకు యార్డులోకి రాదు కాబట్టి ఆ ధర పట్టికలోకీ రాదు. సాగర్ ఎడమ కాల్వ కింద పండిన పంటలో రోజుకు వందల ట్రాక్టర్లు ఏ ధరకు అమ్ముడవుతున్నాయో ఆ ధరకే ప్రభుత్వ పట్టికలో చోటు లేదు.

ఇక్కడే మాకు ఒక అనుమానం. అనుమానం కంటే ప్రశ్న అనడం సరి. 1966 మార్కెట్ల చట్టం ప్రకారం నోటిఫైడ్ ప్రాంతంలో జరిగే కొనుగోలు యార్డు బయట జరిగినా మార్కెట్ ఫీజు కట్టాల్సిందే. ఆ ఫీజును లెక్కగట్టేది సరుకు విలువ మీద. విలువ తేలాలంటే బరువు తెలియాలి, ధర తెలియాలి. అంటే ఫీజు వసూలు చేసే దగ్గర ధర లెక్క ఏదో ఒక రూపంలో ఉండి తీరాలి. ఫీజు తీసుకునేటప్పుడు కనబడే ధర రైతుకు చెప్పేటప్పుడు ఎందుకు కనబడదు?

ఉద్యమంలో తిరిగిన వాళ్లకు ఈ ప్రశ్న కొత్తగా అనిపించదు. మనం దశాబ్దాల పాటు లెక్కలడిగాం. కృష్ణలో ఎన్ని టీఎంసీలు, ఎవరి కాల్వకు ఎన్ని అని ఊరూరా, వీధివీధినా చెప్పుకున్నాం. చదువు రాని ముసలవ్వ కూడా నీళ్ల వాటా గురించి మాట్లాడింది. 1985 డిసెంబర్‌లో వచ్చిన 610 జీవో ఎంతవరకు అమలైందో తెలుసుకోవడానికి 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చిందన్నది మన ఉద్యోగ మిత్రులకు బాగా గుర్తుండే సంగతి. లెక్క దాచినవాడి చేతిలో అధికారం ఉంటుందని అప్పుడే నేర్చుకున్నాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నీళ్ల లెక్క అడిగిన నోరు వడ్ల ధర లెక్క దగ్గర ఎందుకు మూగబోయిందో మనల్ని మనమే అడుగుకోవాలి. మా పత్రికను కూడా కలుపుకొనే ఈ మాట అంటున్నాం.

సమాచారం లేకుండా సలహాలు ఇస్తే ఏమవుతుందో 2020లో చూశాం. నియంత్రిత సాగు పేరుతో సన్నాలు వేయమని సర్కారే చెప్పింది. రైతులు వేశారు. పంట చేతికొచ్చేసరికి సన్నాలకు, దొడ్డు వడ్లకు మద్దతు ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. సన్నాలకేమో చీడపీడలెక్కువ, పెట్టుబడి ఎక్కువ, దిగుబడి తక్కువ. రైతులు రోడ్డెక్కారు. ఆ డిసెంబర్‌లోనే ప్రభుత్వం నియంత్రిత సాగును పక్కన పెట్టింది. ఏ పంట వేయాలో చెప్పినవాళ్లు ఆ పంటకు ఏ ధర రావచ్చో చెప్పలేదు.

2021 వానకాలంలో మిల్లుల దగ్గర ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు టోకెన్ల పద్ధతి నడిచింది. టోకెన్ ఉంటేనే మిల్లుకు తోలాలి. రైతులు చెప్పుల్ని, పాస్‌బుక్కుల్ని వరుసలో పెట్టి టోకెన్ల కోసం కాపలా కాసే చూపులు మనకు కొత్తవి కావు. ఎరువులకు కాశారు, విత్తనాలకు కాశారు. ఈసారి కాసింది అమ్ముకోవడానికి. ఎన్ని టోకెన్లు ఇవ్వాలో తేల్చడానికి ఆ రోజు ఎన్ని ట్రాక్టర్లు దిగుతాయన్న లెక్క కావాలి. అదే లెక్కను ముందు రోజు రాత్రి ఊర్లకు చెబితే రైతు కోత ఒక రోజు ముందుకో వెనక్కో జరుపుకోడా?

ధర తెలిసినంత మాత్రాన అన్నీ బాగుపడతాయని మేము అనడం లేదు. ఇతర రాష్ట్రాల అనుభవాలు చూస్తే అట్లా అనడానికి ధైర్యం చాలదు కూడా. ఉత్తర కేరళలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు చేపలు పట్టేవాళ్ల సంగతిని రాబర్ట్ జెన్సెన్ అనే అమెరికా ఆర్థికవేత్త లెక్కగట్టాడు. అంతకు ముందు ఒక తీరంలో కొనే దిక్కులేక చేపలు పారబోస్తుంటే, పక్క తీరంలో కొనేవాళ్లు ఖాళీ చేతులతో తిరిగిపోయేవాళ్లు. ఫోన్ వచ్చాక పడవ సముద్రంలో ఉండగానే ఏ రేవుకు తోలాలో తేల్చుకున్నారు. వాళ్ల లాభం దాదాపు 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర దాదాపు 4 శాతం తగ్గింది. ఇద్దరికీ మేలు జరిగింది. మధ్యప్రదేశ్‌లో ఒక కంపెనీ 2000 నుంచి ఊర్లలో కంప్యూటర్లు పెట్టి సోయా ధరలు చూపించి, తాను కూడా నేరుగా కొనడం మొదలుపెట్టాక మార్కెట్లలో సోయా ధర ఒకటి నుంచి మూడు శాతం దాకా పెరిగిందని ఇంకో పరిశోధన చెప్పింది. మహారాష్ట్రలో మాత్రం కథ వేరు. వంద ఊర్లలో రైతులకు ఫోన్ సందేశాలతో ధరలు పంపి చూశారు. 2012లో అచ్చయిన ఆ పరిశోధనలో రైతుకొచ్చిన ధరలో చెప్పుకోదగ్గ మార్పేమీ తేలలేదు.

ఎందుకీ తేడా? మా ఉద్దేశంలో జవాబు ఆ పడవలోనే ఉంది. పడవ సముద్రంలో ఉండగా కబురు వచ్చింది గనుక పని చేసింది. ఒడ్డెక్కాక వస్తే పని చేసేది కాదు. మన రైతుకు కోత మిషన్ పొలంలో దిగిన క్షణమే పడవ ఒడ్డెక్కినట్టు. ఆ తర్వాత ఏ యాప్‌లో ఏ ధర చూసినా చేయగలిగేది లేదు. అందుకే కోతకు ముందు రోజు సాయంత్రమే కబురు అందాలి. దాంతోపాటు పడవను ఇంకో రేవుకు తోలే శక్తి కూడా ఉండాలి. అంటే ఆరబెట్టుకునే కల్లం, కప్పుకునే పట్టాలు, నెల రోజులు దాచుకునే గోదాం. మార్కెట్ కమిటీ గోదాముల్లో సరుకు పెట్టి దాని విలువలో కొంత అప్పుగా తీసుకునే పథకం ఒకటి ఎప్పటినుంచో ఉంది. దాని పేరు రైతుబంధు. 2018లో ఎకరానికి ఇచ్చే పెట్టుబడి సాయానికి అదే పేరు పెట్టాక పాతది ఒకటి ఉందన్న సంగతే జనం మరిచిపోయారు. అదీ సమాచారం కరువే మరి!

అప్పు సంగతి కూడా దాచకూడదు. అడ్తిదారు దగ్గర పెట్టుబడి తెచ్చుకున్నవాడికి సూర్యాపేట ధర, కోదాడ ధర నోటికి వచ్చినా సరుకు పోయేది అప్పిచ్చినవాడి కాంటాకే. అటువంటి రైతుకు ధర తెలిస్తే కనీసం తాను ఎంత పోగొట్టుకుంటున్నాడో తెలుస్తుంది. అప్పు మీద కట్టే వడ్డీ ఎంత, ధరలో కట్టే వడ్డీ ఎంత అని లెక్క వేసుకుంటాడు.

వ్యాపారులందరూ ఒకటే అని కూడా మేము అనుకోవడం లేదు. ఊర్లో యాభై, అరవై బస్తాలు కొని పట్నానికి తోలే చిన్న వ్యాపారి బాధ రైతు బాధకు ఎంతో దూరం కాదు. ఈయన పొద్దున ఒక మాటిచ్చి కొంటాడు. సాయంత్రం మిల్లు దగ్గర ధర పడిపోతే నష్టం ఈయన నెత్తినే. ఆ భయంతో ముందే రైతుకు యాభై రూపాయలు తగ్గించి చెబుతాడు. రేపటి ధర తెలియనితనానికి పెట్టుకున్న ధర అది. ఆ చీకటి పోతే ఆయనకు ఆ యాభై తగ్గించే అవసరమే రాదు. సరుకు ఎక్కడ ఎంత దిగుతుందో ముందే తెలిస్తే మిల్లులకూ మేలే. చీకటితో లాభపడేవాళ్లు కొద్దిమందే.

2020లో కేంద్రం తెచ్చిన వ్యవసాయ చట్టాల్లో ఒకటి యార్డు బయట ఎవరైనా కొనుక్కోవచ్చంది. అదే చట్టంలో ధరల సమాచార వ్యవస్థ పెట్టవచ్చని కూడా ఒక సెక్షన్ రాశారు. సరుకును లెక్కల్లో లేని జాగకు తోలి, అక్కడి ధర చెబుతామన్నారు. రైతుల పోరాటంతో 2021 నవంబర్‌లో ఆ చట్టాలు రద్దయ్యాయి. కానీ యార్డు బయట కొనుగోలు మన దగ్గర అంతకు ముందూ ఉంది, ఆ తర్వాతా ఉంది. దాని ధరను వెలుగులోకి తెచ్చే పని మాత్రం అట్లాగే మిగిలింది. ఇదే నేల మీద 1930లోనే హైదరాబాద్ రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. తూకం అందరి కళ్లముందు జరగాలన్న ఆలోచనకు ఇక్కడ తొంభై ఏళ్ల పైబడిన వయసుంది. మిల్లు గేటు కాడికి వచ్చేసరికి ఆ ఆలోచన ఆగిపోతున్నది.

అందుకే మేము అడుగుతున్నది కొత్త యాప్ కాదు. సీజన్‌లో మిల్లు దగ్గర పచ్చి వడ్లు కొన్న ప్రతి ట్రాక్టర్‌కు ఒక చీటీ ఇవ్వాలి. దాని మీద వడ్ల రకం, తేమ, బరువు, ధర, తీసిన తరుగు, చివరికి చేతికొచ్చిన పైసలు రాయాలి. ఆ చీటీల మొత్తం లెక్కను అదే రోజు సాయంత్రం ఏడు గంటలకల్లా మార్కెట్ కమిటీ ప్రకటించాలి. రైతు పేరు అక్కర లేదు, మిల్లు పేరు ఉండాలి. దాని పక్కనే సూర్యాపేట యార్డు ధర, కోదాడ ధర, కొనుగోలు కేంద్రంలో ధర, తేమను బట్టి సరిచూసుకునే చిన్న పట్టిక ఉండాలి. గ్రామ పంచాయతీ గోడ మీద సుద్దముక్కతో రాసినా చాలు, మైకులో చదివినా చాలు. ఫోన్ చూడటం రాని రైతు, కౌలు రైతు, ఒంటరి మహిళా రైతు కూడా తెలుసుకునేటట్టు ఉండాలి. గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. తేమ కొలిచే మిషన్లు సరిగ్గా చూపుతున్నాయో లేదో రైతుల ముందు పరీక్షించే బాధ్యత అటువంటి సంస్థకు అప్పగించవచ్చు.

ఇవ్వడానికి కొత్త చట్టం కూడా అక్కర లేదు. 2005 సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షన్ ఉంది. ప్రభుత్వ సంస్థలు తమ దగ్గరున్న సమాచారాన్ని ఎవరూ అడగకముందే జనం ముందు పెట్టాలని అది చెబుతుంది. మార్కెట్ కమిటీ చట్టం కింద ఏర్పడ్డ సంస్థ. ఇయ్యకపోతే అడిగే హక్కు తెల్ల కార్డు పేదకైనా, కాలేజీ పిల్లవాడికైనా ఉంది.

హైదరాబాద్‌లో, వరంగల్‌లో చదువుకుంటూ దసరాకు, దీపావళికి ఇంటికి పోయే విద్యార్థి మిత్రులు ఈసారి ఒక పని చేయాలి. మీ నాన్నకో, మీ చిన్నాయినకో మిల్లు దగ్గర ఇచ్చిన చీటీ ఉంటే తీసి చూడండి. తేమ రాశారా? తరుగు ఎంత? ఏ తేదీ? వాటిని ఒక నోట్‌బుక్‌లో ఎక్కించండి, ఊరికి పది చీటీలు చాలు. మార్కెట్ కమిటీ పని చేసే ఊర్లోనే ఉన్న ఉద్యోగ మిత్రులు అదే తేదీల ఫీజు వసూళ్ల లెక్కను సమాచార హక్కు కింద అడగండి. రెండూ మా కార్యాలయానికి పంపండి. పేర్లు తీసేసి, అంకెలన్నీ పక్కపక్కన పెట్టి ఈ పేజీలోనే అచ్చు వేస్తాం. చీటీయే ఇవ్వని చోట, ఇవ్వలేదన్న సంగతిని కూడా వేస్తాం.